చుక్క పెట్టని అర్జీ

ఆ సోమవారం పొద్దున్న లక్ష్మీప్రసాద్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదో తరగతి పిల్లల చేత ఫుల్‌స్టాప్ మాన్పించాలి, అంతే. గదిలో స్టవ్ దగ్గర నిలబడి ఉప్మా కలుపుతూ వేసిన పథకం కాబట్టి అందులో కీడు ఉంటుందని ఎవరైనా ఎందుకనుకుంటారు? ఉప్మా అడుగంటింది కూడా చూసుకోకుండా, మాడిందే నాలుగు ముద్దలు తిని, బండెక్కి బడికి బయల్దేరారు.

అసలు సంగతి మొదట్నించీ చెప్పాలి. అరకు లోయలో ఓ గెడ్డకి, అంటే కొండవాగుకి, ఇవతలి గట్టున ఉన్న హైస్కూల్లో ఆయన తెలుగు మాస్టారు. అక్కడి పిల్లలు ఇంట్లో కువి మాట్లాడతారు, సంతలో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, తెలుగు మాత్రం బడికొచ్చాకే నేర్చుకుంటారు. ఇలా రెండో భాషగా తెలుగు రాసే పిల్లల వాక్యం ఎంత ఎదిగిందో కొలవడానికి యూనివర్సిటీ నుంచి సాహితి అనే అమ్మాయి జనవరి చలిలో లాప్‌టాప్ పట్టుకుని కొండెక్కి వచ్చింది. పిల్లల వ్యాసాలు అందులోకి ఎక్కిస్తే, వాక్యానికి ఎన్ని మాటలున్నాయి, ఒక్కో వాక్యం కడుపులో ఎన్ని పిల్ల వాక్యాలున్నాయి అని లెక్కగట్టి, నూటికి ఇంత అని తేల్చేస్తుంది ఆ యంత్రం. ఏప్రిల్‌లో మళ్లీ వచ్చి రెండోసారి కొలుస్తానంది.

"ఈలోపు ప్రత్యేకంగా ఏమీ నేర్పకండి మాస్టారూ. రోజూ ఎలా చెప్తారో అలాగే చెప్పండి" అని వెళ్లేటప్పుడు మరీ మరీ చెప్పింది.

"అయ్యో, అలాగేనమ్మా" అన్నారు మాస్టారు. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ మాట మధ్యాహ్నం భోజనాల దాకా నిలిచింది కూడా. భోజనాల దగ్గర హెడ్మాస్టరు పైడిరాజు చెవిలో ఊదాడు.

"ఏటండీ లక్ష్మీప్రసాద్ గారూ, తెలీదా? ఏప్రిల్లో ఏ బడి స్కోరు బాగా పెరిగితే ఆ బడి తెలుగు మాస్టారిని విజయనగరం ట్రైనింగు సెంటర్లో ఏసేత్తారట. నాకు కావలసినాయన సెప్పాడు."

విజయనగరం పేరు వింటే లక్ష్మీప్రసాద్ మాస్టారి మనసు మనసులో ఉండదు. భార్యకి అక్కడ ఉద్యోగం. కూతురు పుట్టాక ఆయన ఈ కొండమీదికి వచ్చారు. పిల్ల నడక నేర్చింది ఫోన్‌లోనే చూశారు, మాట నేర్చింది ఫోన్‌లోనే విన్నారు. సెలవులకి ఇంటికెళ్తే ఆ పిల్ల ఆయన్ని చూసి, మళ్లీ ఫోన్ వంక చూసి, ఇద్దరిలో ఎవరు నాన్నో తేల్చుకోలేక తల్లి చాటుకి పోయేది.

ఇక వ్యాసాల సంగతి. గెడ్డకి అవతల తంగేడుపుట్టు అనే పల్లె ఉంది. అక్కణ్ణించి బడికొచ్చే వెన్నెల అనే పిల్ల ఇలా రాసింది: "మా ఊరి ముందు గెడ్డ ఉంది. ఎండల్లో అది మాతో నడుస్తుంది. వానల్లో మమ్మల్ని ఆపుతుంది. అప్పుడు బడి అటు ఉంటుంది. మేము ఇటు ఉంటాము. పోయిన వానల్లో మా అక్క ఇటే ఉండిపోయింది." నిజమే, ఆ అక్క పోయిన వానల్లో బడికి దూరమై, పసుపు పనుల్లో పడి, మళ్లీ పలక ముట్టలేదు.

చదివిన మాస్టారు మళ్లీ మొదట్నించీ పైకి చదువుకున్నారు. ఆ ఊపులో కాగితాన్ని తీసుకెళ్లి తరగతి గోడకి జిగురు దట్టంగా పట్టించి అంటించేశారు. తర్వాత స్కోర్లు వచ్చాయి. బడి మొత్తమ్మీద అట్టడుగు స్కోరు ఆ కాగితానిదే. దాంతో ఆ ఊపు కాస్తా దిగిపోయింది. 'ఈ ఒక్క గుంట పిల్ల చాలు, నన్ను రిటైరయ్యేదాకా ఈ చలిలో కూర్చోబెట్టడానికి' అని విసుక్కుంటూ కాగితం పీకబోయారు గానీ జిగురు మంచి రకం, ఊడి రాలేదు. ఆ తర్వాతి సోమవారమే మనం చెప్పుకున్న ఉప్మా మాడింది.

"ఒరేయ్, ఈరోజు నుంచి కొత్త ఆట" అన్నారు మాస్టారు తరగతిలో. "వాక్యం మొదలెట్టినవాడు ఆపకూడదు. వెళ్లి, చూసి, రాగా, తినగా, అందువలన... ఇలా అల్లుకుంటూ పోవాలి. చుక్క పెట్టినవాడు అవుటు!"

పిల్లలకి ఆట అంటే చాలదూ! వారం తిరక్కుండా బడంతా అంటుకుంది. ఒకడి లీవు లెటరు జ్వరంతో మొదలై వాళ్ల మావయ్య పెళ్లి భోజనంలో తేలింది. మంచినీళ్లకి వెళ్తానని అడగడానికి ఇంకొకడు లేచి నిలబడి ఎంతసేపు అల్లాడంటే, అయ్యేసరికి గంట కొట్టేశారు. వెన్నెల ఒక్కతే మొదట్లో తడబడింది.

"సార్, నాకు ఊపిరి ఆడతన్నేదు. మద్దెలో ఆగితే ఏటవుతాది సార్?"

"మధ్యలో ఆగేది చిన్నపిల్లలమ్మా. నువ్వు రాసింది చిన్నపిల్లల రాత. పెద్దదానివి అవ్వాలా, వద్దా?"

ఆ పిల్ల తలొంచుకుంది. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల కావడమే దాని కర్మ. ఫిబ్రవరి వచ్చేసరికి తరగతిలో దాని వాక్యాన్ని మించిన వాక్యం లేదు. మాస్టారు మురిసిపోయారు.

ఇంతలో బడి మరుగుదొడ్లు తనిఖీ చేయడానికి పెద్దాఫీసు ఇంజినీరుగారు వచ్చారు. చేతులు తుడుచుకుంటూ తరగతిలోకి తొంగిచూసి, గోడమీది కాగితం దగ్గర ఆగిపోయారు. ఒకసారి చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

"కాలి వంతెనే కదా మాస్టారూ వీళ్లకి కావలసింది? ఈ ఏడాది నిధులు కొంచెం మిగిలాయి. సోమవారం మా ఆఫీసు గ్రీవెన్స్‌లో ఓ అర్జీ పెట్టించండి. మార్చి దాటకుండా నా టేబుల్ మీదికొస్తే వానలకి ముందే కట్టించేస్తాను. కాగితం మాత్రం రావాలి. కాగితం లేకపోతే నేనేం చెయ్యలేను."

ఇంకేం కావాలి! వంతెన వస్తే వెన్నెల వానల్లో కూడా గెడ్డ దాటి వచ్చి పదో తరగతి చదువుకుంటుంది. రాకపోతే అక్క దారే చెల్లెలిదీ. ఈ సంగతి మాస్టారికి తెలుసు, ఊరికి తెలుసు, ఆ పిల్లకి అందరికంటే బాగా తెలుసు.

ఆ పల్లెల్లో ఓ పద్ధతుంది. ఆఫీసుకి వెళ్లే అర్జీలన్నీ చదువుకునే పిల్లలే రాస్తారు. ఆదివారం సాయంత్రం ఊరి పెద్దలు కూర్చుని చెబుతుంటే పిల్లలు కాగితం మీద పెడతారు. అందరికంటే వయసులో పెద్దవాళ్ల మాట అన్నిటికంటే ముందు రాయాలి. అంతవరకూ వెన్నెల కాగితానికి ఒక్క సంగతే రాసేది కాబట్టి, ఎవరి సంగతి వెళ్లాలన్న దగ్గర పేచీ వచ్చి, ప్రతిసారీ సగం ఊరు అలిగి లేచిపోయేది. ఈసారీ పేచీ మొదలైంది.

"నా ఆవు సంగతి రాయే గుంటా. కుంటతంది, మేత ముట్టడం నేదు" అంది నాయనమ్మ ముత్యాలమ్మ.

"అమ్మా, ఈ కాయితం వంతెనకే. ఇంజినీరు బాబు అడిగినాడు" అన్నాడు వెన్నెల తండ్రి ఫల్గుణ.

"నాకంటే పెద్దోలు ఎవులైనా ఉన్నారేటి ఈడ? ముందు నాదే."

"పేచీ పెట్టుకోకండి" అంది వెన్నెల నవ్వుతూ. "మా సారు కొత్త రాత నేర్పినారు. అందరివీ ఒకే ముక్కలో వచ్చేత్తాయి."

వచ్చేశాయి. "మా నాయనమ్మ ముత్యాలమ్మగారి ఎర్రావు కుంటుతూ, మేత ముట్టకుండా రాత్రిళ్లు అరుస్తుండగా, ఆ అరుపులకి నిద్రలేని మా పెదనాన్న పగలు కాపలా మంచె మీదే నిద్రపోగా, అది కనిపెట్టిన అడవిపందులు దుంపల చేను తవ్విపోయగా, ఆ చేను చూడబోయిన మా అత్త ఒరిగిన కరెంటు స్తంభం చూసి బెదిరి పడి కాలు మడతపడగా..." ఇలా అత్త కాలు మీదుగా ఆసుపత్రికి, ఆసుపత్రి మీదుగా ఆగిపోయిన పింఛనుకి, అక్కణ్ణించి రేషను బియ్యానికి వెళ్లి, రెండో పేజీ చివర గెడ్డ దగ్గరికి చేరింది వాక్యం. వెన్నెల పైకి చదివి వినిపిస్తుంటే ఎవరి సంగతి వచ్చినప్పుడు వాళ్లు తలాడించారు. ఆ ఊళ్లో ఎవరూ అలగకుండా తయారైన మొదటి అర్జీ అదే.

సోమవారం పొద్దున్నే ఫల్గుణ బస్సెక్కేముందు వెన్నెల దాన్ని మాస్టారికి చూపించింది.

"సార్, ఈడ ఒక్కచోట ఆపినాను. 'మాకు వంతెన కావాలి' అన్నది ఒక్కటీ విడిగా ఉంటే కంటికి ఆనతాది కదా సార్?"

మాస్టారు చదివారు. ఏం వాక్యం! ఎన్ని మలుపులు! ఆ క్షణాన ఆయనకి అందులో ఆవు కనిపించలేదు, గెడ్డ కనిపించలేదు, వంతెన అసలే కనిపించలేదు. విజయనగరం కనిపించింది. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, వంతెనకి ముందున్న ఆ ఒక్క చుక్కనీ కొట్టేసి, పైన "అందువలన" అని రాశారు.

"ఆపకూడదని చెప్పానా, లేదా?"

"సెప్పినారు సార్" అంది ఆ పిల్ల. మంచి కాగితం మీద మళ్లీ రాసి తండ్రి చేతికిచ్చింది.

పెద్దాఫీసులో అర్జీలు తీసుకునేది శివప్రసాద్ అనే గుమాస్తా. అతను కాగితం అందుకుని, మొదటి ముక్క చూసి, "పశుసంవర్ధక శాఖ" అని రాసి అవతల పడేశాడు. కొద్దిరోజులకి గెడ్డ దగ్గర జీపు ఆగింది. ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. ఫల్గుణ కొలతలకని వెదురు గడలు కొట్టించి ఉంచాడు.

"రండి బాబూ, ఇదిగో గెడ్డ, సూడండి!"

"చూశానయ్యా, దాంట్లోంచే కదా వచ్చాను" అన్నాడు ఆ వచ్చిన కుర్ర డాక్టరు, ప్యాంటు పిండుకుంటూ. అతని పేరు ఉదయ్. "ఆవేదీ?"

"ఆవు ఎక్కడికి పోతాది బాబూ, బేగి వచ్చి ముందు లోతు సూడండి. ఆ బండ దగ్గర పునాది బాగుంటాది."

"నేను పునాది చూసి ఏం చేసుకోనయ్యా? ఆవు నోరు చూడాలి."

సూదుల పెట్టె తెరిచేదాకా ఎవరికీ సంగతి అర్థం కాలేదు. ఆవుకేమో అప్పటికే కాలు బాగుపడి కొండమీద మేస్తోంది. డాక్టరు మాత్రం మంచివాడు. ఇంత దూరం వచ్చాను కదా అని ఊళ్లో ఉన్న ఆవులన్నిటికీ, ఎద్దులన్నిటికీ గాలికుంటు టీకాలు వేసి, మేకల్ని చూసి, చివరికి ముత్యాలమ్మ కోడిని కూడా పట్టుకు చూశాడు. అంత చేసినవాడు సంతకం పెట్టమంటే ఎలా కాదంటారు? "సేవ అందినది" అన్న కాగితం మీద ఫల్గుణ దణ్ణం పెట్టి మరీ సంతకం చేశాడు.

సంగతి తెలిసి మాస్టారు సెలవు పెట్టి పెద్దాఫీసుకి పరిగెత్తారు. ఇంజినీరుగారు కొండల్లో పనుల మీద తిరుగుతున్నారు, ఫోనుకి అందడం లేదు. శివప్రసాద్ కంప్యూటర్లో చూశాడు.

"పరిష్కారమైపోయింది కదా మాస్టారూ. పచ్చరంగు వచ్చేసింది. ఒకపాలి పచ్చబడ్డాక మళ్లీ ఎర్రబడదు."

"అది ఆవు సంగతి కాదయ్యా, వంతెన సంగతి!"

"వంతెనా? ఎక్కడుంది అందులో?"

"రెండో పేజీ చివర."

శివప్రసాద్ ఆయన వంక జాలిగా చూశాడు. "రోజుకి ఎన్ని కాయితాలొస్తాయో తెలుసా మీకు? నేను మొదటి చుక్క దాకా చదువుతాను. అబద్ధమెందుకు, అంతకంటే చదవను. మీ పిల్ల రాసిన దాంట్లో నాకు చుక్క తగల్లేదండి. రెండుసార్లు ఎతికినాను."

కొత్త అర్జీ పెట్టుకోమన్నాడు శివప్రసాద్. సరే, ఈసారి నేనే రాస్తానని వరండాలో బల్ల మీద కూర్చున్నారు. కానీ ఎం.ఏ. తెలుగు చదివిన చెయ్యి, పైగా పెద్దాఫీసుకి రాయడం, ఎత్తుకోవడమే వంతెన అని ఎత్తుకుంటే ఏం మర్యాద? "పశువైద్యులు డాక్టర్ ఉదయ్ గారు గెడ్డను సైతం లెక్కచేయక మా గ్రామమునకు విచ్చేసి పశుసంపదకు అందించిన సేవలకు గ్రామస్తులెల్లరు సర్వదా కృతజ్ఞులై ఉండగా..." అని ఎత్తుకుని, రెండున్నర పేజీల తర్వాత వంతెన దగ్గర దిగారు. ఇచ్చేసి, తేలికపడ్డ మనసుతో కొండెక్కారు.

ఉగాది వెళ్లాక డాక్టరు ఉదయ్ స్వీట్ల పెట్టె పట్టుకుని బడికొచ్చాడు.

"మీ రుణం తీర్చుకోలేను మాస్టారూ. నా గురించి మీరు రాసిన ఉత్తరం చూసి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇదిగో, ఫొటో."

లడ్డూ నోట్లో పెట్టుకున్న మాస్టారికి అది మింగుడుపడలేదు, కక్కడానికీ లేదు. క్యాలెండరు వంక చూశారు. మార్చి పేజీ చింపేసి ఉంది.

"మార్చి ఆఖరు సాయంత్రం దాకా కూర్చున్నాను మాస్టారూ" అన్నారు ఇంజినీరుగారు, వెళ్లి కలిస్తే. "మీ కాగితం రాలేదు. నిధులు వేరేచోటికి వెళ్లిపోయాయి." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది మాస్టారికి.

చెప్పిన మాట ప్రకారం ఏప్రిల్‌లో సాహితి వచ్చింది. పిల్లల చేత వ్యాసాలు రాయించి, లాప్‌టాప్‌లో వేసి, నమ్మకం కుదరక మళ్లీ వేసి చూసింది. స్కోర్లు ఆకాశాన్నంటాయి. వెన్నెలది అందరికంటే పైన.

"ఏం చేశారు మాస్టారూ మీరు?" అంది మెల్లిగా.

ఆ అడగడంలో తేడా మాస్టారికి తెలిసింది. అయినా, ఆశ చూడండి ఎంత సిగ్గులేనిదో, "ట్రైనింగు సెంటరు సంగతి..." అని నసిగారు.

"ఏ ట్రైనింగు సెంటరు? అలాంటిదేం లేదే! మేం కొలిచేది పిల్లల్ని కాదు మాస్టారూ, ఈ కొలతని. పొడుగు వాక్యాలకి ఎక్కువ మార్కులేసే ఈ పద్ధతి నమ్మదగిందా కాదా అని చూస్తున్నాం. ముందే చెప్తే రాతలు మారిపోతాయని చెప్పలేదు. జనవరిలో వెన్నెల రాసిన గెడ్డ వ్యాసం ఉంది కదా, అది చదివి మా ప్రొఫెసరుగారు లేచి నిలబడ్డారు. అంత బాగా రాసిన పిల్లకి అట్టడుగు మార్కు వేసిందంటే కొలతే తప్పని, మా వాదనంతా ఆ పిల్ల మీదే పెట్టుకున్నాం. అలాంటిది ఇంకొక్కటి రాయిస్తారేమోనని ఇంత దూరం వచ్చాను."

మాస్టారు వెన్నెలని పిలిచారు. పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"అమ్మా, గెడ్డ గురించి మళ్లీ రాయి తల్లీ. ముందు రాశావే, అలాగ. చిన్న చిన్నగా."

"అది సిన్నపిల్లల రాత అన్నారు కదా సార్. మానేసినాను."

"నేను తప్పు చెప్పానమ్మా. రాయి."

పిల్ల పెన్ను పట్టుకుంది. "గెడ్డ ఉంది" అని రాసి చుక్క పెట్టింది. పెట్టి, ఆయన మొహం చూసింది. ఏం కనిపించిందో ఏమో, గబుక్కున ఆ చుక్క కొట్టేసి, "ఉండగా" అని దిద్దుకుని, గెడ్డ పుట్టిన కొండ మీదికి, కొండ మీది పోడు చేల మీదికి అల్లుకుంటూ పోయింది. కాగితం నిండిపోయింది. ఇంకో కాగితం అడిగింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఎన్నిసార్లు పాఠంలో చెప్పారో ఆయన, అర్థం ఆ రోజు తెలిసింది. చెయ్యి పట్టుకుని ఆపుదామనుకున్నారు. ఆపమని చెప్పే మొహం తనకి లేదనిపించింది. సాహితి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మాస్టారు మాత్రం దాచుకోలేక, పిల్ల ముందే కళ్లు తుడుచుకున్నారు.

"ఏటైంది సార్? తప్పు రాసినానా?"

"లేదమ్మా. నువ్వేం తప్పు రాయలేదు."

మర్నాడు మాస్టారే ఇంకో అర్జీ రాశారు. మొదటి ముక్కే వంతెన, ఆ వెంటనే చుక్క. శివప్రసాద్ చుక్క దాకా చదివి, నేరుగా ఇంజినీరుగారి టేబుల్‌కి పంపించాడు. ఇంజినీరుగారు సంతోషించారు. కొత్త నిధులు వస్తాయి, తప్పకుండా వస్తాయి, కాస్త టైము పడుతుంది, ఈసారి వానలు కొంచెం ఆలస్యమైతే అంతా సర్దుకుంటుందన్నారు. బడికి వేసవి సెలవులిచ్చిన రోజు వెన్నెల, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు గెడ్డలో దిగి, వెనక్కి తిరిగి, "జూన్‌లో వత్తాను సార్!" అని చెయ్యి ఊపింది. అవతలి గట్టు ఎక్కేదాకా మాస్టారు నిలబడి చూశారు.

ఆ కొండల్లో ఏదీ చెప్పిన వేళకి రాదు గానీ, ఆ ఏడాది వానలు మాత్రం ముందే వచ్చాయి.